నక్షత్రాల లెక్క – తరతరాల అమానతు

మన ఇళ్ళలో ఆడపిల్లలకు సురయ్యా అని పేరు పెట్టుకోవడం మామూలే. అది ఆకాశంలోని ఒక చుక్కల గుంపు పేరని ఎంతమందికి తెలుసు? తెలుగువారు కృత్తిక అంటున్నదే అరబ్బీలో సురయ్యా. దాని వెనుకే ఎర్రగా మెరుస్తూ వచ్చే నక్షత్రాన్ని అరబ్బులు ‘దబరాన్’ అన్నారు. వెంట వచ్చేది అని దాని అర్థం. మన రైతుల కార్తెల్లో అది రోహిణి. ప్రపంచంలోని ఖగోళ శాస్త్రజ్ఞులు నేటికీ దానిని ఆల్డెబరాన్ అనే పిలుస్తున్నారు.

కొన్నేళ్ళ క్రితం ఈ సంగతి తరగతిలో చెబితే పిల్లలు ఎంతో సంతోషించారు. ఒక అమ్మాయి మాత్రం లేచి, ‘‘పేర్లు మనవాళ్ళు పెట్టారు, సరే మౌల్వీసాబ్. ఇప్పుడు ఆ నక్షత్రాల లెక్క ఎవరు చూస్తున్నారు?’’ అని అడిగింది. మదర్సాలో ఇల్మె హైఅత్ పేరిట పాత ఖగోళశాస్త్రం కొంత చదివాం గాని, ఈ కాలపు సంగతులు మాకు తెలియవు. తెలుసుకుని చెబుతామని కూర్చోబెట్టాం.

తెలుసుకోబోతే మొదట మా పొరపాటే మాకు కనిపించింది. మన పెద్దలు కేవలం పేర్లు పెట్టి ఊరుకున్నవారు కారు. అబ్దుర్రహ్మాన్ సూఫీ 964 ప్రాంతంలో ఇరాన్‌లో నక్షత్రాలపై గ్రంథం రాశాడు. గ్రీకు పండితుడు టోలెమీ జాబితాను ఎదుట పెట్టుకుని, ఒక్కొక్క చుక్క వెలుగును తన కంటితో మళ్ళీ చూసి, తప్పు కనబడిన చోట దిద్దాడు. తర్వాత సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ వేధశాల కట్టించి, 1437 నాటికి 1,018 నక్షత్రాల స్థానాలతో కొత్త పట్టిక తయారుచేయించాడు. పాతవారి మీద గౌరవం ఉంది. అయినా వారి లెక్కను సరిచూడడం మానలేదు.

ఈ పనిలో మన హైదరాబాదుకూ వాటా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల స్థానాలు నమోదు చేయాలని 1887లో పారిస్‌లో శాస్త్రజ్ఞులు తీర్మానించారు. సుమారు 20 వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. అందులో దక్షిణాకాశంలోని ఒక పట్టీ నిజామియాకు వచ్చింది. గాజు పలకల మీద పడిన చుక్కలను ఒక్కటొక్కటిగా కొలిచి లక్షల సంఖ్యలో రాసిపెట్టారు. ఆ శ్రమ వృథా కాలేదు. నక్షత్రాలు స్థిరంగా ఉన్నట్టు కనిపించినా నెమ్మదిగా కదులుతుంటాయి. నాటి స్థానానికీ నేటి స్థానానికీ తేడా చూస్తేనే ఆ కదలిక తెలుస్తుంది. అందుకే యూరప్ ఉపగ్రహం హిప్పార్కస్ కొలతలను ఆ పాత పట్టికలతో పోల్చి, 2000లో 25 లక్షల నక్షత్రాల జాబితా ప్రకటించారు.

దాని తర్వాత వచ్చినది గయా. యూరప్ అంతరిక్ష సంస్థ 2013 డిసెంబరు 19న దీనిని ప్రయోగించింది. భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతూ 2025 జనవరి వరకు అది ఆకాశాన్ని కొలిచింది. చేయి చాచి వేలును ఒకసారి కుడికంటితో, ఒకసారి ఎడమకంటితో చూడండి. వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. అలాగే భూమితోపాటు గయా సూర్యుని చుట్టూ తిరిగేటప్పుడు దగ్గరి నక్షత్రాలు రవ్వంత జరిగినట్టు కనిపిస్తాయి. ఆ రవ్వంతను కొలిచి దూరం లెక్క కడతారు. ఇలా దాదాపు 200 కోట్ల నక్షత్రాలను, ఇతర ఖగోళ వస్తువులను గయా గమనించింది. అయినా అది మన పాలపుంతలో నూటికి ఒక వంతు మాత్రమే!

సూఫీ తన గ్రంథంలో ‘చిన్న మేఘం’ అని ఒకదానిని పేర్కొన్నాడు. అది మేఘం కాదు, ఆండ్రోమెడా అనే మరో నక్షత్ర మండలమని నేడు తెలుసు. అది మన పాలపుంతను ఢీకొనడం తప్పదని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. గయా కొలతలను కూడా కలిపి మళ్ళీ లెక్క కడితే, రాబోయే 1,000 కోట్ల ఏళ్ళలో అలా జరిగే అవకాశం సగానికి సగమేనని 2025లో తేలింది. తమ మాటను తామే దిద్దుకోవడానికి వారు సిగ్గుపడలేదు. సూఫీ చేసిన పని కూడా ఇదే కదా!

గయా కొలతలలో ప్రకటించినవన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. గణితం, కంప్యూటర్ వచ్చిన ఎవరైనా, ఏ ఊళ్ళో ఉన్నా వాటిమీద పనిచేయవచ్చు. ‘‘లెక్క ఎవరు చూస్తున్నారు?’’ అన్న ప్రశ్నకు సరైన జవాబు, ‘‘నువ్వూ చూడవచ్చు బేటీ’’ అన్నదే.

కాని మేము ఆ జవాబు పట్టుకుని వెళ్ళేసరికి ఆ అమ్మాయి బడి మానేసింది. పది దాటాక ఆడపిల్లకు లెక్కలెందుకని ఇంట్లో అనుకున్నారట. వారిని ఒక్కరినే తప్పుపట్టలేం. ఆమె అడిగిననాడే జవాబు చెప్పలేని మా తప్పూ ఇందులో ఉంది.

పూర్వీకుల పేర్లు చెప్పుకుని మురిసిపోవడానికి ఖర్చేమీ లేదు. వారు వదిలిపెట్టిన అమానతును మోయడానికి మాత్రం పిల్లల చదువు కావాలి. మీ ఇంట్లో సురయ్యా ఉంటే, ఆమె లెక్కల పుస్తకం మూయించకండి.