పడుకునే ముందు కథ: ఊ కొట్టే వంతు మనది

మన ఇళ్లలో కథ చెప్పేది అవ్వ, ఊ కొట్టేది మనుమడు. ఊ ఆగిందంటే పిల్లవాడు నిద్రపోయాడని గుర్తు. ఈ పద్ధతి మంచిదే. అయితే వారంలో రెండు మూడు రాత్రులు దీన్ని తిరగేసి చూడమని తల్లిదండ్రులను మేము కోరుతున్నాము. ఆ రాత్రులు కథ కల్పించేది పిల్లలు. మధ్యమధ్యలో ఒక మాట అందిస్తూ ఊ కొట్టేది మనం.

"మాకు కథలు రావు సిస్టర్" అని చాలామంది తల్లులు అంటారు. రాకపోయినా ఫరవాలేదు. ఇటలీకి చెందిన పిల్లల రచయిత జియాన్ని రోదారి 1973లో వచ్చిన తన పుస్తకంలో ఒక సులువైన ఉపాయం చెప్పారు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు మాటలు తీసుకోవాలి. వాటిని కలపబోతే కథ పుడుతుంది. ఒక మాట మీరు చెప్పండి, ఇంకొకటి బిడ్డను చెప్పమనండి. బర్రె, సైకిలు అనుకోండి. బర్రె సైకిలు ఎందుకెక్కింది? సిద్ధుల గుట్ట చూడడానికా, అంకాపూర్‌లో మక్క కంకులు తినడానికా? ఇక మీరొక వాక్యం, బిడ్డ ఒక వాక్యం.

రెండు మూడేళ్ల పిల్లలకు ఇంత రాదు. "అప్పుడు కుక్కపిల్ల ఏమంది?" అని ఆగితే "భౌ" అంటారు. అదే వాళ్ల వంతు. ఎనిమిదేళ్లు వచ్చిన వాళ్లయితే మన వంతు కూడా లాక్కుంటారు. లాక్కోనివ్వండి.

ముఖ్యంగా కథను దిద్దవద్దు. చేప చెట్టెక్కితే ఎక్కనివ్వండి. "అట్ల ఉండదు బిడ్డా" అన్నామంటే కథ అక్కడే ఆగిపోతుంది. చివర "అందుకే పాలు తాగాలె" అని నీతి తగిలించడం కూడా వద్దు. పిల్లలు ఆ ఎత్తు వెంటనే కనిపెడతారు.

నర్సులమైన మేము ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. పిల్లలు పగలు చెప్పని మాట కథలో చెబుతారు. ఒకసారి పిల్లల వార్డులో అయిదేళ్ల బాబు ఉన్నాడు. జ్వరం తగ్గినా అన్నం ముట్టడు, ఎవరితో మాట్లాడడు. రాత్రి డ్యూటీ సిస్టర్ పక్కన కూర్చుని "పసుపు బస్తా" అన్నది. కొంతసేపటికి వాడు "విమానం" అన్నాడు. యార్డుకు పోవలసిన బస్తా పొరపాటున విమానం ఎక్కింది. "మరి బస్తా ఏడ్చిందా?" అని సిస్టర్ అడిగింది. "ఏడ్వలే. ఏడిస్తే అమ్మ కూడా ఏడుస్తది" అన్నాడు. మంచం పక్కన ఉన్న తల్లి ముఖం తిప్పుకుంది. తండ్రి దుబాయి వెళ్లి నెల అయిందట. గుర్తు చేస్తే బాధపడతాడని ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదట. మరునాడు ఆమె బాబును ఒడిలో పెట్టుకుని నాయిన సంగతులన్నీ చెప్పింది. జ్వరం తగ్గింది మందులతోనే, కథతో కాదు. కానీ వాడు అన్నం అడిగింది మాత్రం ఆ తరువాతే.

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్‌కు వెళ్లిన తండ్రులు చాలామంది. వాళ్లూ ఈ కథల్లో చేరవచ్చు. రోదారి 1962లోనే ఫోన్ కథల పుస్తకం రాశారు. అందులో ఊరూరు తిరిగి అమ్మకాలు చేసే తండ్రి రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి కూతురికి కథ చెబుతాడు. ఫోన్ ఖర్చు తనదే కాబట్టి కథలు చిన్నవి. ఇప్పుడు ఆ ఖర్చు బాధ అంతగా లేదు. ఇక్కడ రాత్రి 9 గంటలైతే దుబాయిలో 7:30, సౌదీలో 6:30. "తిన్నవా, బడికి పోయినవా" అన్న తరువాత మాటలు దొరకని తండ్రికి ఒక వాక్యం కథ చెప్పడం సులువు.

మాటలు అయ్యాక ఫోన్ పక్క గదిలో పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం 3, 4 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుండి 13 గంటల నిద్ర కావాలి. తెర ముందు కూర్చునే సమయం గంట దాటకూడదు, ఇంకా తక్కువైతే మరీ మంచిది.

ఇక్కడ మా స్వంత మనవి ఒకటి. "ఏడిస్తే సిస్టరమ్మ సూది వేస్తది" అని దయచేసి బెదిరించకండి. అదే కథగా మార్చుకోండి. బిడ్డ డాక్టరు, మీరు సూదికి భయపడే ఎలుగుబంటి. సూది కొంచెం నొప్పి పెడుతుందని బిడ్డే ఎలుగుబంటికి చెప్పనివ్వండి.

కథలో దయ్యమో తోడేలో వస్తే కంగారు పడవద్దు. లైటు తీసేముందు తప్పిపోయినవాళ్లు ఇల్లు చేరితే చాలు. కానీ రోజూ అదే భయం కథ వస్తున్నా, పక్క తడపడం మళ్లీ మొదలైనా, ఒక మనిషి పేరెత్తితేనే బిడ్డ ముడుచుకుపోతున్నా తేలికగా తీసుకోవద్దు. కోప్పడకుండా, గుచ్చి గుచ్చి అడగకుండా డాక్టరు దగ్గరకు తీసుకురండి. ఎవరైనా బిడ్డను బాధపెడుతున్నారని అనుమానం వస్తే 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

జనవరి నుండి మార్చి వరకు పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడంతో మీరు అలిసిపోయి వస్తారని మాకు తెలుసు. అయిదు నిమిషాల కథ సరిపోతుంది. బిడ్డ కంటే ముందు మీకే కునుకు పట్టినా తప్పులేదు. కథ ఎక్కడ ఆగిందో రేపు రాత్రి వాళ్లే చెబుతారు.