నాటిన అడవిని దేనితో కొలవాలి?

కొత్తగా పెంచిన అడవి పర్యావరణానికి ఎంత మేలు చేసిందో నాటిన మొక్కల సంఖ్యతో చెప్పడం ప్రభుత్వ నివేదికలకు సులువే గాని, నాటకముందు ఆ నేల ఏ స్థితిలో ఉండేదో, అక్కడ కురిసిన వాన ఎటు పోయేదో తెలియనిదే ఆ సంఖ్యకు విలువ కట్టలేము. పుదుచ్చేరి పట్టణంలోని సారం ప్రాంతానికి ఉత్తరాన, కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆరోవిల్ అనే అంతర్జాతీయ నివాస నగరిలోని ఎర్రమట్టి మెట్ట ఈ పరిశీలనకు తగిన చోటు.

1968 ఫిబ్రవరి 28న ఆరోవిల్ ప్రారంభమయ్యే నాటికి, తరతరాల కలప నరుకుడు వల్ల, పశువుల మేత వల్ల ఆ మెట్ట బోడిగా మారి ఉండడంతో, ఈశాన్య రుతుపవనాల జడివాన నేలలో ఇంకకుండా ఎర్రమట్టిని కోసుకుంటూ, లోతైన గండ్లు చేస్తూ సముద్రంలో కలిసేది. వాలుకు అడ్డంగా మట్టిగట్లు వేసి, వాటి వెంట లక్షల మొక్కలు నాటినవారు తొలినాళ్లలో ఎక్కువగా ఆధారపడింది ఆస్ట్రేలియా తుమ్మ మీద. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేర్చే ఈ చెట్టుకు ఆకుల్లా కనిపించేవి నిజానికి కొడవలి వంపు తిరిగి వెడల్పైన కాడలు. అవి రాలి మందంగా పేరుకుని, ఎండకూ వానకూ బోడినేలను కాపాడాయి.

అయితే ఈ తీరపు సహజ వృక్షసంపద వేరు. పాల, అల్లి, నేరేడు, ముషిణి వంటి చెట్లతో, వాన తక్కువైనా ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ పొట్టి అడవిని శాస్త్రజ్ఞులు ఉష్ణమండల శుష్క సతతహరిత అడవి అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీహరికోట దీనికి చెప్పుకోదగ్గ ఆశ్రయం. 2011 డిసెంబరు 30న థానే తుపాను పుదుచ్చేరి, కడలూరుల మధ్య తీరం దాటినప్పుడు ఆరోవిల్‌లో ఆస్ట్రేలియా తుమ్మలు పెద్దసంఖ్యలో కూలగా, వాటి నీడన ఎదుగుతున్న స్థానిక జాతులకు వెలుతురు దొరికింది. చెట్ల లెక్కలో నష్టంగా నమోదయ్యే ఈ మార్పును అడవి లెక్కలో ఎటు వేయాలన్నది తేలికగా తెగే ప్రశ్న కాదు.

నీటి సంగతి మరింత చిక్కు. భూగర్భజలమే తాగునీటికి ఆధారమైన పుదుచ్చేరికి పరిసరాల్లో ఇంకే ప్రతి చినుకూ విలువైనదే. కాని వాననీటిని నిలిపిన గట్ల పేరు కూడా చెట్లకే దక్కుతుంటుంది. వేగంగా పెరిగే చెట్లు వేళ్లతో తోడిన నీటిని ఆకుల ద్వారా ఆవిరి చేస్తాయి గనుక, దక్షిణాఫ్రికా 1995 నుంచి వాగుల్లో నీరు పెంచేందుకు విదేశీ జాతి చెట్లను నరికించే పథకాన్నే నడుపుతోంది.

మళ్లీ మొక్కల లెక్కకే వస్తే, తెలంగాణ 2015లో 230 కోట్ల మొక్కల లక్ష్యంతో హరితహారం చేపట్టి, రాష్ట్ర విస్తీర్ణంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలనుకుంది. భారత అటవీ సర్వే మాత్రం హెక్టారుకు తగ్గని ఏ స్థలంలోనైనా చెట్ల కొమ్మలు నేలలో పదో వంతును కప్పితే, జాతితోనూ యాజమాన్యంతోనూ నిమిత్తం లేకుండా, అటవీ విస్తీర్ణంగానే లెక్కిస్తుంది. అంటే మామిడితోట, సరుగుడుతోపు కూడా ఆ లెక్కలోకి రావచ్చు. ఇక చెట్లు లేకపోవడమే సహజ స్థితి అయిన చోట్లూ ఉన్నాయి: బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రాయలసీమలోని రోళ్లపాడు గడ్డిమైదానంలో దట్టంగా మొక్కలు నాటితే, దూరం నుంచే ప్రమాదాన్ని కనిపెడుతూ తెరపినేలలో తిరిగే ఆ పక్షికి నిలువనీడ దొరకడం మాట అటుంచి, ఉన్న నెలవే పోతుంది.