వేడి చేసిందా, పీచు ఇరికిందా?

మే నెలలో బెజవాడలో ఎవరికైనా దవడ చివర చిగురు వాస్తే మొదట వినిపించే మాట, "వేడి చేసింది". రసాలు ఎక్కువ తిన్నావు, మజ్జిగ తాగు అంటారు. మామిడిపండుకు దీంతో సంబంధం లేకపోలేదు. కాకపోతే అది వేడి వల్ల కాదు, పీచు వల్ల.

నూజివీడు రసాన్ని టెంకదాకా చీకుతాం. పీచు వెనక పళ్ల సందుల్లో దిగుతుంది. అక్కడికి బ్రష్ సరిగా అందదు. ఇరుక్కున్నది కుళ్లి, సూక్ష్మజీవులు పెరిగి, చిగురు ఉబ్బుతుంది. వేటమాంసం పీచైనా అంతే. ఎప్పుడూ ఒకేచోట ఇరుకుతుంటే మాత్రం తప్పు పండుది కాదు. అక్కడ సందు పెరిగి ఉండాలి, లేదా పిప్పి పన్ను ఉండాలి.

వయసు 17–25 మధ్య ఉండి, వాపు చిట్టచివరి పంటి దగ్గరుంటే జ్ఞానదంతాన్ని అనుమానించాలి. దవడలో చోటు చాలక అది ఒక్కోసారి సగమే బయటికొస్తుంది. మిగతా సగాన్ని చిగురు మూతలా కప్పుతుంది. మూత కింద మెతుకులు చేరతాయి. గాలి ఆడని చోట పెరిగే సూక్ష్మజీవులకు అది మంచి తావు. చిగురు వాస్తుంది. వాచినదాన్ని నమిలినప్పుడల్లా పై పన్ను నొక్కుతుంది. ఇంకా వాస్తుంది. ఇదే పెరికోరొనైటిస్ (సగం మొలిచిన పంటి చుట్టూ చిగురు వాపు). ముదిరితే నోరు పూర్తిగా తెరుచుకోదు.

పెద్దవాళ్లలో ఎక్కువగా గార (పళ్లపై గట్టిపడిన పాచి) కారణం. అది చిగురు కిందికి పాకి, పంటికీ చిగురుకీ మధ్య సంచిలాంటి ఖాళీ చేస్తుంది. చీము పట్టేదాకా నొప్పి తెలియకపోవచ్చు. షుగర్ అదుపులో లేకపోతే ఇది త్వరగా ముదురుతుంది. చిగుళ్ల జబ్బు తిరిగి షుగర్‌నూ ఎగదోస్తుంది.

గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే ఇరుక్కున్నది కొంత కొట్టుకుపోతుంది, ఉపశమనం నిజమే. లవంగనూనె నొప్పిని మొద్దుబారుస్తుంది, అంతవరకే. ఎక్కువ రాస్తే చిగురు కాలుతుంది. మందుల షాపులో అడిగి మింగిన యాంటీబయాటిక్‌తో వాపు తగ్గవచ్చు. కానీ మూత, గార, సందు ఎక్కడివక్కడే ఉంటాయి. వచ్చే ఏడు మళ్లీ రసాల మీదే నింద పడుతుంది. ఎక్స్‌రే తీస్తే జ్ఞానదంతం నిలువుగా ఉందో, అడ్డం తిరిగిందో తెలుస్తుంది. చూపించుకోవడానికి విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

వాపు దవడ కిందికి దిగినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఇబ్బందైనా తెల్లారేదాకా ఆగకూడదు. నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.