మనిషి పోయిన ఇంటికి బయటి గాలి ఎందుకు అవసరం? కర్నూలు, కడప నేల మీద ఓదార్పు ఎక్కడ దొరుకుతుందంటే..

ఇంట్లో మనిషి పోతే మొదటి పది రోజులు ఊరంతా తోడుంటుంది. దినం అయిపోయాక షామియానా విప్పుతారు. కుర్చీలు వెళ్లిపోతాయి. బంధువులు బస్సెక్కుతారు. చాలామందికి అసలు బాధ అప్పుడే మొదలవుతుంది. అలాంటప్పుడు "కాసేపు అలా చేను దాకా పోయి రా" అని పెద్దోళ్లు చెప్పే మాట ఊరికే చెప్పేది కాదు. చెట్టు, నీళ్లు, ఆకాశం చూస్తే మనసు ఎందుకు తేలికపడుతుందో పరిశోధకులు కూడా కొంతవరకు వివరించారు. మరి వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉండే కర్నూలు, కడప జిల్లాల్లో ఇదెలా కుదురుతుంది? ఒకసారి చూద్దాం.

కిటికీ చెప్పిన సంగతి

ఈ విషయంలో ఎక్కువగా చెప్పుకునే పరిశోధన 1984లో సైన్స్ పత్రికలో వచ్చింది. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేశారు. అందరూ పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లే. అందులో 23 మంది మంచం పక్క కిటికీలోంచి చెట్లు కనిపించేవి. ఇంకో 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవాళ్లు కాస్త ముందుగా ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు.

అయితే అది ఒంటి నొప్పి. మనిషి పోయిన బాధ వేరు. దాని గురించి నెదర్లాండ్స్‌కు చెందిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ఒక మాట చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి ఒకే దారిలో నడవడు. కాసేపు పోయినవాళ్ల జ్ఞాపకాల్లో మునుగుతాడు, కాసేపు బతుకు పనిలోకి వస్తాడు, మళ్లీ మునుగుతాడు. ఈ అటూ ఇటూ తిరగడమే మనిషిని నిలబెడుతుందన్నది వాళ్ల వివరణ. ఉదయం ఏడ్చి సాయంత్రం నవ్వితే తప్పు చేసినట్టు కుమిలిపోయేవాళ్లు ఈ మాట తెలుసుకోవాలి.

ఇంట్లో ఆ రెండో వైపుకు రావడం కష్టం. మంచం, కళ్లజోడు, చెప్పులు, ఫోన్‌లో ఆ నంబర్.. ఎటు చూసినా అదే గుర్తొస్తుంది. బయట అలా కాదు. కొంగ ఎగురుతుంది, గాలికి జొన్న కంకి ఊగుతుంది. కన్ను దాని మీద నిలుస్తుంది గానీ మెదడుకు పని పెట్టదు. అలసిన మనసు ఇలాంటి చోట తేరుకుంటుందని రేచెల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు 1989లో తమ పుస్తకంలో రాశారు.

కాకి కోసం ఎదురుచూపు

ఇంకో సంగతి. మన దగ్గర చావు తంతులో సగం ఆరుబయటే జరుగుతుంది. పిండం ఆకులో పెట్టి, ఇంటిల్లిపాదీ చెట్టు వైపు చూస్తూ నిలబడతారు. కాకి రావాలి, ముట్టాలి. రాకపోతే "ఏం కోరిక మిగిలిందో" అని ఒకరి తర్వాత ఒకరు దండం పెట్టి మాటిస్తారు. బిడ్డ పెళ్లి చేస్తామంటారు, అప్పు తీరుస్తామంటారు. నమ్మినా నమ్మకపోయినా, అంతసేపు కుటుంబమంతా కలిసి ఆకాశం వైపు చూసే సందర్భం ఇంకోటి లేదు. నోట్లో ఆగిపోయిన మాట బయటికొచ్చేది కూడా అక్కడే.

తర్వాత అస్థికలు కలపడానికి కర్నూలు వైపు వాళ్లు తుంగభద్రకు, కడప వైపు వాళ్లు పెన్నకు పోతారు. పెన్నలో ఏడాదిలో చాలా నెలలు నీళ్ల కంటే ఇసుకే ఎక్కువ. కానీ ఇసుకలో చెలమ తీసి కాసేపు ఆగితే నీళ్లు ఊరతాయి. ఆ పక్కన పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

నల్లకాల్వ దగ్గర వనం

దుఃఖానికి చెట్లనే గుర్తుగా ఎంచుకున్న చోటు కూడా ఇక్కడే ఉంది. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలోని పావురాలగుట్ట దగ్గర కూలింది. ఆయనతో పాటు ఇద్దరు అధికారులు, ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఆ తర్వాత అడవి అంచున, ఆత్మకూరు దగ్గర నల్లకాల్వలో స్మృతివనం పెంచారు. రాజకీయం పక్కన పెడితే, విగ్రహం చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా చెట్ల మధ్య నడిచే వెళ్లాలి.

సొంత మనిషి పేరు మీద పొలం గట్టున వేప మొక్క నాటడానికి అంత ఖర్చు అవసరం లేదు. కాకపోతే రెండు ఎండాకాలాలు నీళ్లు మోయాలి. ఆ బిందె మోయడమే రోజూ బయటికి రావడానికి ఒక కారణం అవుతుంది.

ఎక్కడికి వెళ్లొచ్చు?

గండికోట, బెలూం గుహల దాకా పోనక్కర్లేదు. కర్నూలు పైన సుంకేసుల నుంచి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగే కేసీ కాలువ ఎన్నో ఊళ్ల పక్కనుంచే పోతుంది. నీళ్లు వదిలిన రోజుల్లో దాని గట్టు మీద సాయంత్రం నడక చాలు. మహానంది కోనేరులో అడుగు కనిపించేంత తేట నీళ్లు ఏడాది పొడవునా ఉంటాయి. కడప వాళ్లకు పాలకొండలు ఊరి పక్కనే ఉన్నాయి. ఆ జిల్లా ముళ్లకంపల అడవిని చాలామంది ఎండిపోయిన నేలగానే చూస్తారు. కానీ 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికింది ఆ కంపల్లోనే.

ఎంతసేపు? ఇంగ్లండ్‌లో సుమారు 20,000 మంది వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనంలో, వారానికి కనీసం 2 గంటలు ప్రకృతిలో గడిపినవాళ్లు ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి కాకుండా విడతలుగా గడిపినా అంతే. అయితే అది ఇంగ్లండ్ ఎండ. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే ఏడు లోపు గానీ, పొద్దు వాలాక గానీ వెళ్లాలి.

ఆడవాళ్ల సంగతేంటి?

అసలు చిక్కు ఇక్కడుంది. భార్య పోతే మగవాడు వారం తిరక్కముందే చేనికి పోతాడు, రచ్చబండ దగ్గర కూర్చుంటాడు. భర్త పోయిన ఆమెను మాత్రం చాలా ఇళ్లలో నెలల తరబడి గడప దాటనివ్వరు. ఎదురొస్తే అపశకునం అంటారు. బాధ ఎక్కువగా ఉన్న మనిషికే గాలి, వెలుతురు లేకుండా చేయడం ఇది. పొద్దున్నే ఆమెను పిలుచుకుని చేను దాకా నడిచే ఆడబిడ్డో, చెల్లెలో, పక్కింటి అక్కో ఉంటే చాలా తేడా ఉంటుంది. బుడ్డలు ఒలిచే పని కూడా నలుగురితో చెట్టు కింద చేసుకోవచ్చు.

నీళ్లే భయపెడితే?

అందరికీ నది ఓదార్పు కాదు. 2021 నవంబర్ 19న, కార్తీక పౌర్ణమి నాడు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. రాజంపేట మండలం పులపత్తూరు, మందపల్లి లాంటి చోట్ల ఇళ్లు, మనుషులు కొట్టుకుపోయారు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ముంచెత్తిన రాత్రిని కర్నూలు పాతబస్తీ మర్చిపోలేదు. అలాంటివాళ్లను నది ఒడ్డుకు తీసుకెళ్తే మేలు కంటే కీడే ఎక్కువ. వాళ్లకు తోటో, గుట్టో, మిద్దె మీద రాత్రి చుక్కలో మేలు. ఎక్కడికి వెళ్లాలో వాళ్లనే అడగాలి. లోయ అంచులు, లోతు నీళ్లున్న చోటికి మనసు బాగోలేని మనిషిని ఒంటరిగా పంపకూడదు.

నడక అన్నిటికీ మందు కాదు. ఆరు నెలలు దాటినా బాధ అంతే తీవ్రంగా ఉండి రోజు పనులు కూడా సాగకపోతే, దాన్ని చికిత్స అవసరమైన సమస్యగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. నిద్ర, తిండి పూర్తిగా ఆగిపోయినా, చనిపోవాలనే మాట నోటి నుంచి వచ్చినా ఆరు నెలలు ఆగక్కర్లేదు. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బాధలో ఉన్న మనిషి తానుగా చేయకపోతే, ఇంట్లోవాళ్లు కూడా చేసి అడగొచ్చు.