ఒక్క నీటి బొట్టు చప్పుడు

టాంపాలో కూతురి దగ్గర ఉంటున్న పాఠకురాలు ఒకరు ఉత్తరం రాశారు. సెలవులకు మనవల్ని తీసుకుని అందరూ ఒర్లాండో వెళ్తున్నారట. "2016లో అక్కడి డిస్నీ రిసార్టులో రెండేళ్ళ పసివాణ్ణి మొసలి లాక్కుపోయిందని ఇక్కడందరూ చెప్తున్నారు. అంత చీకట్లో, పాదాలు తడిసేపాటి నీళ్ళలో నిలబడ్డ పిల్లవాణ్ణి అదెలా కనిపెట్టిందండీ? తప్పు తల్లిదండ్రులదా, రిసార్టుదా?" అని అడిగారు. మొదటి ప్రశ్న చదవగానే మిగతా పనులన్నీ పక్కన పెట్టేశాను. దానికి జవాబు తెలిస్తే రెండోది చాలావరకు తేలిపోతుందని నా నమ్మకం.

ముందు జరిగింది క్లుప్తంగా చెప్తాను. 2016 జూన్ 14, రాత్రి తొమ్మిది గంటల ప్రాంతం. గ్రాండ్ ఫ్లోరిడియన్ రిసార్టు ముందున్న సెవెన్ సీస్ లగూన్ ఒడ్డు. ఇసుకతో ఆడుకుంటున్న పిల్లవాడు చిన్న బకెట్‌తో నీళ్ళు ముంచుకోవడానికి వంగాడు. ఎలిగేటర్ పట్టుకుంది. తండ్రి నీళ్ళలోకి ఉరికి దవడలు విడదీయబోయాడు గానీ వల్లకాలేదు. మర్నాడు దేహం దొరికింది. ఒడ్డున బోర్డులు లేకపోలేదు. "ఈత కొట్టరాదు" అని రాసి ఉంది. ఎలిగేటర్ మాట మాత్రం వాటి మీద ఎక్కడా లేదు.

ఎలిగేటర్ మొసలికి దగ్గరి చుట్టం. మూతి వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. మన దేశంలో లేదు. మన మంజీరలో, కిన్నెరసానిలో ఉండేవి మగ్గర్ మొసళ్ళు. అమెరికాలో ఎలిగేటర్‌ను 1967లో అంతరించిపోయే జీవుల జాబితాలో చేర్చారు. అది కోలుకుని 1987లో జాబితా నుంచి బయటికి వచ్చింది. ఇప్పుడు ఒక్క ఫ్లోరిడాలోనే సుమారు 13 లక్షలున్నాయని అంచనా. ఇక అసలు విషయానికి వస్తాను.

ఎలిగేటర్ మూతి ఫొటో దొరికితే దగ్గరగా చూడండి. రెండు దవడల అంచుల వెంబడి గసగసాలు చల్లినట్టు నల్లని చుక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ గుండుసూది తలంత చిన్న బొడిపె. ఎలిగేటర్‌కు ఇవి సుమారు 4 వేలు, అన్నీ మొహం మీదే. అసలు మొసళ్ళకైతే ఒంటినిండా ఉంటాయి, పొట్ట మీది పొలుసుల్లో కూడా. తోలు వ్యాపారులకు ఈ సంగతి ఏనాటినుంచో తెలుసు. సంచీ మీది పొలుసుల్లో చుక్క ఉంటే మొసలి తోలు, లేకపోతే ఎలిగేటర్ తోలు అని గుర్తుపడతారు. చుక్క ఉందని వాళ్ళకు తెలిసిందిగానీ అది ఎందుకుందో శాస్త్రజ్ఞులకే చాలాకాలం అంతుపట్టలేదు.

తప్పటడుగులు చాలానే పడ్డాయి. తోలును మెత్తగా ఉంచే నూనె గ్రంథులేమో అని కొందరనుకున్నారు. సొరచేప మూతి మీద విద్యుత్తును పసిగట్టే రంధ్రాలుంటాయి కదా, ఇవీ అలాంటివే అయి ఉంటాయని ఇంకొందరన్నారు. నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే అవయవాలనే ఊహ కూడా వచ్చింది. అది తీసిపారేయదగ్గ ఊహేమీ కాదు. ఉప్పునీళ్ళలో బతకగల మొసలికి ఒంటినిండా చుక్కలుండి, మంచినీటి ఎలిగేటర్‌కు మొహం మీదే ఉన్నాయంటే ఎవరికైనా ఆ అనుమానం వస్తుంది. అయినా అదీ నిలబడలేదు.

2002లో డాఫ్నీ సోరెస్ అనే పరిశోధకురాలు 'నేచర్' పత్రికలో రెండు పేజీల వ్యాసం ప్రచురించింది. నేను చదివిన ప్రయోగాల్లో ఇంత సరళమైనవి, ఇంత అందమైనవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎలిగేటర్ పిల్లను నీళ్ళలో సగం మునిగేట్టు ఉంచి, చుట్టూ కటిక చీకటి చేసింది. నీటి మీద ఒక్క బొట్టు రాల్చింది. ఎలిగేటర్ పిల్ల గిరుక్కున ఆ బొట్టు పడ్డవైపు తిరిగింది. తర్వాత మొహం మీది చుక్కలు మూసుకుపోయేలా పూత పూసి మళ్ళీ బొట్టు రాల్చింది. ఈసారి అది కదల్లేదు. వాసన, తెలివి రెండూ ఉన్నా చుక్కలు మూతపడ్డాక ఆ బొట్టు దానికి అందలేదు. ఆ బొడిపెలు నీటి ఉపరితలం మీద పుట్టే అలల్ని తాకి తెలుసుకునే అవయవాలు. జీవి సగం మునిగి ఉండటం ఇందులో కీలకం. నీరూ గాలీ కలిసేచోట మూతి ఆనించి పడుకున్న ఎలిగేటర్‌కు చెరువు ఉపరితలం మొత్తం సాలీడుకు దాని గూడులాంటిది.

సోరెస్ అంతటితో ఊరుకోలేదు. ఈ చుక్కలకు నరాలు దవడ ఎముకలోని సన్నని రంధ్రాల గుండా వస్తాయి. చర్మం కుళ్ళిపోయినా ఎముక రాయిగా మిగులుతుంది కాబట్టి పాత శిలాజాలు తీసి చూసింది. జురాసిక్ కాలంలో నీటి అంచున బతికిన మొసలి జాతుల దవడల్లోనూ అవే రంధ్రాలు కనిపించాయి. ఈ వేట డైనోసార్ల కాలం నాటిదన్నమాట.

పదేళ్ళ తర్వాత, 2012లో, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డంకన్ లీచ్, కెనెత్ కటానియా ఆ నరాలకు సన్నని ఎలక్ట్రోడ్లు తగిలించి విన్నారు. విద్యుత్తుకు స్పందన లేదు. ఉప్పుకూ లేదు. తాకిడికి మాత్రం మనిషి వేలికొనను మించిన స్పందన కనిపించింది. సెకనుకు 20 నుంచి 35 సార్లు అదిరే కదలికలకు అది మరీ ఎక్కువ. చుక్కలు అన్నిటికంటే చిక్కగా ఉన్నది పళ్ళ పక్కనే. దవడకు ఏదో తగిలిందని తెలియడానికీ, నోరు మూసుకోవడానికీ మధ్య ఆలోచించే వ్యవధి ఉండదు.

ఇప్పుడు అల సంగతి. నీటి మీద ఏ అలా సెకనుకు 23 సెంటీమీటర్లకన్నా నెమ్మదిగా పోదు. ఆ వేగంతో పోయే అల శిఖరానికీ శిఖరానికీ మధ్య 1.7 సెంటీమీటర్లే ఉంటుంది. రెండు మీటర్లు దాటడానికి దానికి సుమారు తొమ్మిది సెకన్లు పడుతుంది. అంతకన్నా సన్నని అలలు కాస్త వేగంగా పోతాయిగానీ నీటి జిగట వాటిని త్వరగా తినేస్తుంది. ఎలిగేటర్ చుక్కలు బాగా పట్టేది ఆ సన్నని అలల్నే. గాలికి లేచే పెద్ద అలలు నింపాదిగా ఊగుతాయి. బకెట్ ముంచినప్పుడు, చిన్ని పాదం నీటిని తన్నినప్పుడు ఈ సన్నని అలలు లేస్తాయి, కొద్ది దూరంలోనే చచ్చిపోతాయి. కాబట్టి వాటిని పట్టాలంటే ఎలిగేటర్ ఒడ్డుకు దగ్గరగా వచ్చి కాచుకోవాలి. దూరం నుంచి కళ్ళూ చెవులూ దాన్ని ఒడ్డుదాకా తీసుకొస్తాయి, చివరి గజం పని చుక్కలది. మొసలి బలం నీళ్ళలోనేనని వేమన ఏనాడో అన్నాడు. ఆ బలం నీటి అంచు దగ్గర, మడమ లోతులో కూడా ఉంటుందని ఈ ప్రయోగాలు చెప్తున్నాయి.

ఇక పాఠకురాలి రెండో ప్రశ్న. "ఈత కొట్టరాదు" అన్న బోర్డు చదివిన తల్లిదండ్రులు పిల్లవాణ్ణి ఈతకు దించలేదు. వాళ్ళు బోర్డు మాట విన్నారు. ఆ బోర్డు లోతు నీళ్ళ గురించి హెచ్చరించింది, ప్రమాదం నీటి అంచున ఉంది. ఆ ఒడ్డు కూడా తనంతట తాను ఏర్పడినది కాదు. సెవెన్ సీస్ లగూన్ తవ్విన సరస్సు. తెల్లని ఇసుక పోసి, నీటిదాకా మెల్లగా వాలేట్టు తీర్చి, ఆరామ కుర్చీలు వేసి జనాన్ని నీటి దగ్గరికి పిలిచింది రిసార్టే. అక్కడ తిరిగే ఎలిగేటర్లను పట్టించి తీసేయించే ఏర్పాటు అంతకుముందే ఉంది. అంటే అవి వస్తాయని రిసార్టుకు తెలుసు, దూరం నుంచి, మొసలి లేని ఊళ్ళనుంచి వచ్చిన అతిథికి తెలియదు. తెలిసినవాడు చెప్పకపోతే తెలియనివాడిది తప్పెలా అవుతుంది?

చట్టం ఇంత సూటిగా లేదు. రోమన్ కాలం నుంచి వస్తున్న సూత్రం ప్రకారం అడవి జంతువు ఎవరి సొత్తూ కాదు. తాను బంధించి పెంచనిదాని పనికి స్థలం యజమాని సాధారణంగా బాధ్యుడు కాడు. 1976లో ఒక సొరచేప దాడి కేసులో ఫ్లోరిడా కోర్టు సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరపాలికను బాధ్యత నుంచి తప్పించింది. డిస్నీ విషయంలో ఆ కుటుంబం దావా వేయలేదు కాబట్టి కోర్టు తేల్చే అవకాశమే రాలేదు. జంతువు ఎవరిదని అడగడం దగ్గరే చట్టం ఆగిపోతోంది. మనిషిని నీటి అంచుకు ఎవరు తెచ్చారని అడగాలని నేనంటాను. ఆస్ట్రేలియాలో ఆ ప్రశ్న అడిగారు. 2002లో కకాడూ పార్కులో ఈతకు దిగిన జర్మన్ యాత్రికురాలు మొసలి నోట పడి చనిపోతే, ఫరవాలేదని చెప్పి వాళ్ళను నీళ్ళలోకి దింపిన టూర్ గైడు నేరస్థుడని కోర్టు తీర్పిచ్చింది, శిక్ష వేసి అమలు నిలిపి ఉంచింది.

డిస్నీ రోజుల వ్యవధిలో ఒడ్డు పొడుగునా కంచె వేసింది, ఎలిగేటర్లూ పాములూ ఉన్నాయని బొమ్మలతో బోర్డులు పెట్టింది. తర్వాత బండరాళ్ళు పేర్చింది. ఇదంతా చాలా చవకైన పని. సన్నని అల రెండు మూడు గజాలకు మించి పోనప్పుడు, పిల్లల చేతుల్ని నీటికి ఆపాటి ఎడంగా ఉంచే రాళ్ళ వరస ఎంతో పని చేస్తుంది. ఇంత చవకైన పనికి ఒక పసిప్రాణం పోయేదాకా ఆగడాన్ని నేను క్షమించలేను. అండమాన్లలో హేవ్‌లాక్ దీవిలోనూ 2010 ఏప్రిల్‌లో అమెరికన్ యాత్రికురాలిని ఉప్పునీటి మొసలి చంపింది. ఆ దీవుల్లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, ఇక్కడినుంచి వెళ్ళే యాత్రికులూ తక్కువేమీ కాదు. అక్కడ రిసార్టులో దిగే మన కుటుంబాలు ఇదే ప్రశ్న అడగాలి.

అమ్మా, మీరు ఒర్లాండో తప్పకుండా వెళ్ళండి. ఫ్లోరిడావాసికి ఎలిగేటర్ వల్ల తీవ్రగాయం అయ్యే అవకాశం 31 లక్షల్లో ఒకటని అక్కడి వన్యప్రాణి సంస్థ లెక్క. అయితే పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా పిల్లల్ని ఏ చెరువు అంచుకూ పంపకండి. కూతురింటి వెనకున్న కాలనీ చెరువు కూడా అందులోకే వస్తుంది. చేపలకో బాతులకో అని రొట్టెముక్కలు విసరనివ్వకండి. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని నేర్చుకున్న ఎలిగేటర్‌కు భయం పోతుంది, అందుకే దానికి తిండి పెట్టడం ఫ్లోరిడాలో చట్టరీత్యా నేరం. గది తీసుకునేటప్పుడు, "నీళ్ళకూ ఒడ్డుకూ మధ్య అడ్డం ఏముంది?" అని రిసెప్షన్‌లో అడగండి. బోర్డు ఉందని మాత్రమే చెప్తే నీటికి దూరంగా ఉండే గది ఇవ్వమనండి.