సొరబుర్ర గీకితే దగ్గెందుకు వస్తుంది?

ముదిరిన సొరకాయ నెలల తరబడి ఆరితేనే బుర్రవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో దీన్ని తుమా అంటారు, కాల్చిన ఇనుముతో దాని మీద ఎంత అందమైన బొమ్మలు గీస్తారో!

కాయలోని నీరు తొక్కగుండా బయటికి పోయేటప్పుడు పైన బూజు పడుతుంది. బుర్ర మీద కనిపించే నల్లమచ్చలు ఆ బూజువే. లోపలి గుజ్జు ఎండి పొడిపొడి అవుతుంది. బుర్రను శుభ్రం చేయాలని పొడిగా గీకామా, ఆ పొడీ బూజూ లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, దగ్గు వస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇది మరీ ప్రమాదం.

అందుకే ముందు నానబెట్టండి, తడిగా ఉండగానే గీకండి. తడిసిన దుమ్ము ఎగరదు. లోపలా అంతే, నీళ్లు పోసి కాసేపు ఉంచాలి. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే చాలదు, సన్నటి దుమ్ము దాని నేతలోంచి దూరుతుంది. ఎన్‌95 మాస్కు పెట్టుకుని, ఆరుబయటే కూర్చోండి. గుండ్రటి బుర్ర మీద కత్తి జారుతుంది. బుర్రను కోసే పని మాత్రం అమ్మకో నాన్నకో వదిలేయండి.