కరెంటు తీసిన నీళ్లల్ల సారం పోతదా?

మొన్న రాత్రి చదువు కేంద్రంలో ఒక అక్క అడిగింది.

"సార్, నిజాంసాగర్ కాడ నీళ్ల నుంచి కరెంటు తీస్తరట గదా! తీసినంక ఆ నీళ్లల్ల సారం పోదా? పొలం ఎట్ల పండుతది?"

మంచి ప్రశ్న. ఈ అనుమానం చాలామందికి ఉన్నది.

పాల నుంచి వెన్న తీస్తే మజ్జిగ మిగులుతది. నీళ్ల సంగతి అట్ల కాదు. నీళ్లల్ల కరెంటు దాగి ఉండదు. నీళ్లు పైనుంచి కిందికి దూకే బలంతో కరెంటు పుడుతది.

డ్యాంలో నీళ్లు ఎత్తున నిలుస్తయి. పెద్ద గొట్టం గుండా కిందికి వస్తయి. అక్కడ రెక్కల చక్రం ఉంటది. దాన్ని టర్బైన్ అంటరు. నీళ్లు తగిలితే చక్రం గిర్రున తిరుగుతది. దానితోపాటు జనరేటర్ల అయస్కాంతం తిరుగుతది. చుట్టూ ఉన్న రాగి తీగల్లో కరెంటు పుడుతది. సైకిల్ డైనమో చూసిండ్రు గదా? ఇదీ అంతే. అక్కడ తిప్పేది కాలు. ఇక్కడ తిప్పేది నీళ్లు.

చక్రం తిప్పిన నీళ్లు చుక్క తగ్గవు. మన మంజీరనే చూడండి. సింగూరు కాడ 15 మెగావాట్ల కేంద్రం ఉన్నది. అక్కడ దిగిన నీళ్లే పారి నిజాంసాగర్ చేరుతయి. అక్కడ 10 మెగావాట్ల కేంద్రం ఉన్నది. మళ్లీ చక్రం తిప్పుతయి. తర్వాత కాలువల పడి బాన్సువాడ, బోధన్ వైపు పొలాలు తడుపుతయి. అక్కడ వరి పండుతలేదా?

10 మెగావాట్లు అంటే ఎంత? గంట నడిస్తే 10,000 యూనిట్లు. 5 హార్స్‌పవర్ బోరు మోటరు గంటకు సుమారు 4 యూనిట్లు తాగుతది. అంటే దాదాపు 2,500 మోటర్లు నడుస్తయి.

గాలి కూడా చక్రం తిప్పుతది. రామగిరి గుట్టల మీద, పరిగి దిక్కు గాలిమరలు పెట్టిండ్రు. గాలి జోరు రెండింతలైతే దాని బలం ఎనిమిది ఇంతలైతది. అందుకే గాలి బాగా వీచే చోటు వెతికి పెడుతరు. ఆషాఢంల గాలి జోరుగా ఉంటది, డ్యాంలు నిండవు. వానలు పడినంక డ్యాంలు నిండుతయి, గాలి తగ్గుతది. ఒకటి లేనప్పుడు ఇంకొకటి ఆదుకుంటది.

బొగ్గు కాలిస్తే పొగ, బూడిద. నీళ్లకు, గాలికి అవి లేవు. అయితే ఇవీ ఉచితంగా రాలేదు. 1931లో నిజాంసాగర్ డ్యాం పూర్తయింది. దాని కింద ఎన్నో ఊర్లు మునిగినయి. ఇంకొకటి, వాన లేకుంటే డ్యాం ఎండుతది, చక్రం ఆగుతది.

కాబట్టి కరెంటును నీళ్ల తీరు పొదుపు చేయాలె. ఖాళీ ఇంట్ల బల్బు ఎందుకు వెలగాలె?

చేసి చూడండి: మీ ఇంటి కరెంటు బిల్లు తీయండి. యూనిట్లు ఎన్నో మీరే చదవండి. పోయిన నెలతో పోల్చండి. ఎందుకు పెరిగింది? ఎందుకు తగ్గింది? ఇంట్ల అందరితో మాట్లాడండి.